దరోగా ముందు పాఠం

మద్దేడ్ దగ్గరి బడి నుంచి,
నవంబరు 12

పెదనాన్నకి, పెద్దమ్మకి వందనాలు.

ఫోన్ మానేసి ఉత్తరం రాస్తున్నానేమిటని అనుకోకండి. ఈ ఊళ్లో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలి. పోయిన ఆదివారం ఎక్కి మీతో పావుగంట మాట్లాడాను. నేను చెప్పింది ఊరంతా విన్నది, మీరు తప్ప. నాకు బల్లులంటే భయమన్న సంగతి ఇప్పుడిక్కడ అందరికీ తెలుసు. కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే.

బడి బాగుంది. రెండు గదులు, ఒక వరండా, ముప్పై ఒక్కమంది పిల్లలు. హెడ్‌మాస్టరు గారు నెలలో సగం రోజులు బీజాపూర్ మీటింగుల్లో ఉంటారు. మిగతా సగం ఆ మీటింగుల కాగితాలు నింపుతుంటారు. అంటే బడికి నేనూ, మధ్యాహ్నం భోజనం వండే సమ్మక్కా దిక్కు.

మొదటి రోజు మూడో తరగతి వాళ్లని హిందీ పాఠం చదవమన్నాను. ఆరుగురు లేచి, అక్షరాల కింద వేలు పెట్టుకుని, గడగడా చదివేశారు. నా సంతోషం ఇంతా అంతా కాదు. అయితే మూడో వాక్యం అవగానే ఆరుగురూ ఒకేసారి దగ్గారు. జలుబేమో అనుకుని మళ్లీ చదివించాను. మళ్లీ అక్కడే దగ్గారు. అనుమానం వచ్చి పుస్తకాలు తలకిందులు చేసి చేతికిచ్చాను. అదే వేగం, అదే దగ్గు.

సమ్మక్కని అడిగితే, "హరిబాబు సార్‌కు దమ్ముండె మేడమ్. ఆయన గట్లనే చదువుతుండె" అంది. నాకు ముందు పనిచేసిన సారు ఆ పాఠం చెప్పేటప్పుడు సరిగ్గా అక్కడ దగ్గేవాడట. పిల్లలు దగ్గుతో సహా కంఠతా పట్టేశారు. ఆరుగురిలో ఒక్కరికీ అక్షరం రాదు.

ఏడో పిల్ల హుంగే. తొమ్మిదేళ్లు ఉంటాయి. అది దగ్గదు కూడా. అసలు నోరే తెరవదు. పుస్తకం ముందు పెడితే నా చెప్పుల వంక చూస్తూ కూర్చుంటుంది. ఇంట్లో దోర్లీ అనే ఇక్కడి గిరిజన భాష, తెలుగు కలిపి మాట్లాడతారు, ఈ రాష్ట్రంలో పుస్తకమేమో హిందీ. దాని తప్పేముంది?

పైనుంచి కాగితం వచ్చింది. ఫిబ్రవరిలోగా మూడో తరగతిలో ప్రతి బిడ్డా ఒక చిన్న పేరా సొంతంగా చదవాలట. అధికారి వచ్చి ఒక్కొక్కరినీ పరీక్షిస్తాడట. కాగితం గురించి నాకు బెంగ లేదు. హుంగే తండ్రి జోగ అన్న మాటే బెంగ. "మూడేండ్ల సంది బడికి పోతాంది, ఒక్క ముక్క రాలె. ఈ పరీక్షల గూడ రాకపోతే వాళ్ల అత్తెంబడి మిర్చి ఏరనీకి తోలిస్త" అన్నాడు. ఫిబ్రవరిలో ఇక్కడి వాళ్లు చాలామంది మిర్చి పనికి గోదావరి దాటి తెలంగాణ వెళ్తారు. అలా వెళ్లిన పిల్లలు మళ్లీ బడి మొహం చూడటం అరుదు.

చిన్నప్పుడు వ్యాగన్ల మీద నంబర్లు చూపించి నాకు అంకెలు నేర్పింది మీరే కదా. ఏదైనా ఉపాయం చెప్పండి.

మీ కరుణశ్రీ


కిరండూల్,
నవంబరు 21

చిరంజీవి కరుణకు,

ప్రభువు నిన్నూ నీ బడినీ కాపాడును గాక. నా కళ్లజోడు కాలు విరిగింది, అందుకని నీ ఉత్తరం మీ పెద్దమ్మ ఎర్రమ్మ చదివి వినిపించింది. దగ్గు దగ్గరకి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక నాలుగుసార్లు ఆగిపోయింది. నేను నవ్వలేదు. ఇది క్రమశిక్షణకు సంబంధించిన విషయం.

ముప్పై నాలుగేళ్లు ఇనుప ఖనిజం బండ్లకు గార్డుగా పనిచేసినవాణ్ణి. కిరండూల్ నుంచి కొండలు దిగి విశాఖపట్నం దాకా, బండి చివర పెట్టెలో ఒక్కణ్ణే కూర్చుని, అంత పెద్ద బండిని అదుపులో పెట్టాను. ఏడుగురు పిల్లలు ఒక లెక్కా? నిలబెట్టి గట్టిగా చదివించు. తప్పు వచ్చిన చోటే ఆపి దిద్దు. ఒక్క తప్పు కూడా దాటి పోనివ్వకు. బాగా చదివినవాళ్ల చేతిలో బెల్లం ముక్క పెట్టు. అల్లరి చేస్తే ఈల ఊదు. నా ఈల ఇప్పటికీ తలుపు పక్క మేకుకి వేలాడుతోంది. ఒక్కసారి ఊదానంటే ఈ కాలనీలో కుక్కలు కూడా ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

ఇంకొక ముఖ్యమైన మాట. మీ వైపు ఆదివారం సంతల్లో కోడిపందాలు జరుగుతాయని విన్నాను. అటు కన్నెత్తి కూడా చూడకు. మనం విశ్వాసులం. నేను సంఘ పెద్దని. ఆ పాడు అలవాటు మన ఇంటా వంటా లేదు.

పెద్దమ్మ బస్సులో జంతికలు పంపుతోంది. పళ్లు పాడవుతాయని నాకు పెట్టనన్నవి అవే.

మీ పెదనాన్న
తాతబాబు


మద్దేడ్ దగ్గరి బడి నుంచి,
డిసెంబరు 4

పెదనాన్నకి వందనాలు.

మీరు చెప్పినట్టే చేశాను. బెల్లం అయిపోయింది, చదువు రాలేదు. ఆరుగురూ బెల్లం కోసం పోటీపడి మరింత గట్టిగా చదివారు, మరింత గట్టిగా దగ్గారు. మంగ్లూ అనేవాడు రెండుసార్లు దగ్గి రెండు ముక్కలడిగాడు.

హుంగేని నిలబెట్టాను. మొదటి అక్షరం తప్పు, ఆపి దిద్దాను. రెండోది తప్పు, దిద్దాను. మూడోదానికి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. నాలుగోదానికి బల్ల కిందికి దూరింది. సాయంత్రం బడి వదిలేదాకా బయటికి రాలేదు. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. జోగ వాకిట్లో తాడు పేనుకుంటున్నాడు. "ఏంది మేడమ్, పిల్ల కోసం వచ్చినవా? ఎనక ఉంటది చూడు, కోడితోని" అన్నాడు. ఇంటి వెనక కట్టెల మోపు ఉంది. దాని అవతల నుంచి సన్నగా గొంతు వినిపిస్తుంటే నేను ఇవతలే ఆగిపోయాను.

పెదనాన్నా, ఆ పిల్ల చదువుతోంది. ఒళ్లో ఒక పెద్ద పుంజుని కూర్చోబెట్టుకుని, దాని ముందు పుస్తకం తెరిచిపెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. తప్పు చదివింది. కోడి ఏమీ అనలేదు. దాని మెడ నిమిరి మళ్లీ చదివింది. ఈసారి సరిగ్గా వచ్చింది. కోడి అప్పుడు కూడా ఏమీ అనలేదు. నాలుగు మాటలు అలా చదివేసరికి పుంజు కాళ్లు ముడుచుకుని కళ్లు మూసుకుంది.

అక్కడ నిలబడి ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ఆ పిల్లకి అక్షరాలు వచ్చు. నోరు తెరిస్తే చాలు నేను అడ్డం పడిపోతున్నాను. ఆ కోడికున్న ఓపిక నాకు లేకపోయింది.

పుంజు పేరు దరోగా, అంటే ఇక్కడి మాటలో పోలీసు ఎస్సై. ఛాతీ ముందుకు తోసి, ఎవర్నో అరెస్టు చెయ్యబోతున్నట్టు నడుస్తుందని పిల్లలు పెట్టారు. ఎర్రగా, నల్లగా ఉంటుంది. జోగ దాన్ని సంతలో పందెం కోసం పెంచుతున్నాడట. మీకు ఇష్టం ఉండదని తెలుసు. ఉన్నమాట రాశాను.

మీ కరుణశ్రీ


కిరండూల్,
డిసెంబరు 13

చిరంజీవి కరుణకు,

కళ్లజోడు బాగుచేయించాను. ఇకనుంచి నీ ఉత్తరాలు నేనే చదువుకుంటాను, పెద్దమ్మని శ్రమపెట్టడం దేనికి?

నీ ఉత్తరం చూసి చాలా బాధపడ్డాను. చదువుకీ కోడికీ ఏమిటి సంబంధం? అందులోనూ పందెం కోడి! ఆ పిల్లకి మంచిమాటలు చెప్పి ఆ పక్షిని దూరంగా ఉంచు.

అది సరే, ఎర్రగా నల్లగా ఉంటుందని రాశావు. అదేం రాత? మెడ ఈకలు ఎరుపూ, ఒళ్లు నలుపూ అయితే దాన్ని కాకిడేగ అంటారు. అదేనా? కాళ్లు పసుపా, నలుపా? కన్ను తెల్లగా ఉందా? నడిచేటప్పుడు పంజా ముడిచి తీసి ముడిచి తీసి వేస్తుందా? తోక ఈకలు నేలని తాకుతాయా, తాకవా? వయసు ఏడాదిన్నర దాటిందా? ఇవన్నీ చూసి వివరంగా రాయి. ఎవరో మాట్లాడుకుంటుంటే ఎప్పుడో చెవిన పడిన సంగతులు, అంతే.

ఇంకొకటి కూడా విన్నాను. పందెం కోడిని ఒళ్లో పెట్టుకుని నిమరకూడదట. ఒడి మరిగిన కోడికి కసి చచ్చిపోతుందట. ఈ ముక్క ఆ పిల్ల తండ్రికి మాత్రం చెప్పకు.

మీ పెదనాన్న


మద్దేడ్ దగ్గరి బడి నుంచి,
జనవరి 9

పెదనాన్నకి వందనాలు.

కాళ్లు పసుపు. కన్ను తెలుపు. పంజా ముడిచే వేస్తుంది. తోక తాకదు. అది కాకిడేగేనట, జోగ చెప్పాడు. "మీ పెదనాన్న మస్తు ఎరుకున్న మనిషి మేడమ్, ఏడ ఆడిండు పందాలు?" అని కూడా అడిగాడు. మీరు సంఘ పెద్ద అని చెప్పాను. "ఔ, పెద్దమనుషులకే ఎరుకుంటది" అన్నాడు.

ఇక అసలు సంగతి. దరోగాని బడికి తెచ్చుకోమని హుంగేకి చెప్పాను. జోగ ఒప్పుకున్నాడు గానీ, "ఒక్క ఈక ఊడినా ఊకోను" అని బెదిరించాడు. ఒప్పుకోనిది సమ్మక్క. "బడిల గింత పుంజు తిరుగుతాంటే నాతోని పప్పు వండుడు గాదు మేడమ్. నా చెయ్యి ఆగదు" అంది. చివరికి దరోగాకి వరండాలో ఒక గంప, హుంగేకి గంప పక్కన చోటు ఏర్పాటు చేశాను.

పుస్తకం పక్కన పెట్టేశాను. దరోగా ఇవాళ ఏం చేసింది అని రోజూ హుంగేని అడుగుతాను. అది చెప్పిన మాట చెప్పినట్టే, వాళ్లింటి మాటల్లోనే, హిందీ అక్షరాలతో రాసిస్తాను. తన మాటలే కాబట్టి వాటిని గుర్తుపట్టగలదు. ఆ కాగితాలు కుట్టి పుస్తకం చేశాను. హుంగే దాన్ని దరోగాకి చదివి వినిపిస్తుంది. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని నా నోరు నేను మూసుకుంటాను. అన్నిటికంటే కష్టమైన పని అదే.

మిగతా ఆరుగురూ వినేవాళ్లు కావాలని అడిగారు. ఒకడు వాళ్ల అవ్వకి చదువుతున్నాడు, ఒకతె ఎద్దుకి చదువుతోంది. మంగ్లూ మేకని తెచ్చాడు. అది మొదటి రోజే రెండు పేజీలు తినేసింది. వాడిప్పుడు సమ్మక్కకి చదువుతున్నాడు. ఆమె అడ్డు రాదు, అన్నం కలుపుతూ "ఊఁ" అంటుంది. దగ్గు చాలావరకు తగ్గింది.

ఇప్పుడు చెడ్డవార్తలు రెండు.

పరీక్ష అధికారి మొన్న వచ్చాడు. శ్యామ్‌ప్రసాద్ సర్ అని, పది బళ్లను చూసుకుంటాడు. గదిలోకి కోడి వద్దన్నాడు. ఆరుగురు ఎలాగోలా చదివారు. హుంగే ఆయన బూట్ల వంక చూస్తూ నిలబడింది. కాగితంలో ఆ పిల్ల పేరు ఎదురుగా "శూన్య్" అని రాశాడు. ఫిబ్రవరి మొదటి సోమవారం ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ వరండాలో గంప ఎత్తి దరోగా రెక్క విప్పి చూశాడు. ఆ పిల్లని పరీక్షించినదానికంటే ఎక్కువసేపు చూశాడు.

రెండోది ఇంకా దారుణం. ఆ సోమవారానికి ముందు రోజే, ఆదివారం సంతలో, దరోగాని బరిలోకి దించుతానని జోగ అంటున్నాడు. ఓడిన కోడి గెలిచినవాడికి కూరైపోతుంది. గెలిచినా కత్తిగాట్లతో ఎన్నాళ్లు బతుకుతుంది? దరోగా పోతే మర్నాడు హుంగే నోరు తెరవదు. నోరు తెరవకపోతే మంగళవారం మిర్చి బండి ఎక్కుతుంది.

పెదనాన్నా, మీరు 'విన్న' సంగతుల్లో ఈ పందెం ఆపే మార్గం ఏదైనా ఉందా?

మీ కరుణశ్రీ


కిరండూల్,
జనవరి 19

చిరంజీవి కరుణకు,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. నీ ఉత్తరాలు నేను కీర్తనల పుస్తకంలో దాస్తున్నాను, అక్కడ ఎవరూ వెతకరు.

వినలేదమ్మా. ఆడాను. పెళ్లయిన కొత్తలో రైల్వే క్వార్టర్లో నాకొక పుంజు ఉండేది. డ్యూటీకి వెళ్తూ దాన్ని సంచిలో పెట్టుకుని గార్డు పెట్టెలో తీసుకెళ్లేవాణ్ణి, దిగిన చోట పందెం ఆడించేవాణ్ణి. ఒకనాడు అది ఓడిపోయింది. పెళ్లికి మామగారు పెట్టిన చేతి గడియారం ఆ పందెంలో పోయింది. బండి సొరంగంలో ఉండగా జారి పడిపోయిందని మీ పెద్దమ్మకి చెప్పాను. పాపం నమ్మింది. ఆ పుంజు నా చేతిలోంచి వెళ్లేటప్పుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ రోజుతో మానేశాను.

ఇక నీకు కావలసింది. కత్తి కట్టేముందు జోడీ చూస్తారు. రెండు కోళ్లనీ ఎదురెదురుగా పట్టుకుని వదలకుండా ఆడిస్తారు. రెండూ మెడ ఈకలు నిక్కబొడుచుకుని మీదికి దూకితేనే జోడీ కుదిరినట్టు. ఒకటి మెత్తబడిందా, దానికి ఎవరూ కత్తి కట్టరు. దానిమీద పందెం కాయడానికి ఒక్కడు కూడా రాడు. ఆ కోడిని ఇంటికి తీసుకుపోవలసిందే. ఇందులో మోసం లేదు, ఎక్కడైనా ఇదే పద్ధతి.

ఆ పిల్ల చదివితే దరోగా కాళ్లు ముడుచుకుని కూర్చుంటుందని నువ్వే రాశావు. మరి జోడీ చూసే వేళకి ఆ పిల్లని బరి పక్కన చదవమను.

మీ ఇద్దరి కోసం ప్రార్థన చేస్తాను. నేను మాత్రం రాలేను. ఆదివారం ఆరాధన మాని సంఘ పెద్ద కోడిపందేనికి వెళ్లాడంటే ఏమైనా ఉందా?

మీ పెదనాన్న


మద్దేడ్ దగ్గరి బడి నుంచి,
ఫిబ్రవరి 3

పెదనాన్నకి వందనాలు.

ఒక్క అధికారి ముందు నోరు తెరవని పిల్లని సంత మొత్తం ముందు చదవమనడం ఎలా? వారం రోజులు తటపటాయించాను. ఆఖరికి శనివారం ఉన్నదున్నట్టు చెప్పాను. హుంగే పుస్తకం తీసి పావడాలో దోపుకుంది.

ఆదివారం సంతకి వెళ్లాం. బరి దగ్గరికి ఆడవాళ్లు రారు. నేను వెళ్తే జనం వింతగా చూశారు. నాలుగైదు వందలమంది ఉంటారు, గోల చెప్పనలవి కాదు. జోగ దరోగాని పట్టుకుని నడుమ నిలబడ్డాడు. ఎదురుగా జోడీ చూడటానికి తెల్ల పుంజుని పట్టుకుని ఎవరు వచ్చారనుకున్నారు? శ్యామ్‌ప్రసాద్ సర్! నన్ను చూడగానే ఆయన మొహంలో నెత్తురు లేదు. పుంజు వెనక మొహం దాచుకున్నాడు గానీ, పుంజు అంత పెద్దది కాదు.

రెండు కోళ్లనీ ఎదురుగా ఆడించారు. దరోగా మెడ ఈకలు లేచాయి. కత్తులవాడు మూట విప్పుతున్నాడు. "చదువు తల్లీ" అన్నాను. హుంగే పుస్తకం తెరిచి చదివింది. పక్కనున్న నాకే వినబడలేదు, దరోగాకి ఏం వినబడుతుంది? మళ్లీ మొదటినుంచి చదివింది. గొంతు బొంగురుపోతోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఈల మోగింది.

అలాంటి ఈల నేను కిరండూల్‌లో తప్ప ఎక్కడా వినలేదు. "పోలీస్!" అని ఎవడో అరిచాడు. సగం జనం పారిపోయారు. మిగతా సగం ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. శ్యామ్‌ప్రసాద్ సర్ పుంజుని చొక్కాలో దోపుకున్నాడు, తోక మాత్రం గుండీల మధ్య నుంచి బయటికే ఉంది. కత్తులవాడు మూట మీద కూర్చుని వెంటనే లేచాడు. సంతంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో హుంగే ఒక్కతే చదువుతోంది. ఈల సంగతి దానికి పట్టలేదు, కళ్లు పుస్తకం మీదే ఉన్నాయి. "దరోగా మా కోడి. దరోగా పొద్దుగాల లేస్తది. అయ్య లేవడు. అయ్య దరోగాకు జొన్నలు పెడతడు. అమ్మ అయ్యకు జావ పోస్తది. అయ్య సంతకు పోతే మెల్లగ వస్తడు. వచ్చి అమ్మతోని తిట్లు తింటడు. దరోగా నా మాట వింటది."

మొదటి వాక్యానికే దరోగా మెడ ఈకలు దిగిపోయాయి. మూడోదానికి జోగ చేతుల్లోనే కాళ్లు ముడిచింది. తిట్ల దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుంది. జనం ఘొల్లుమన్నారు. "ఇది పందెం కోడి గాదు, పంతులు కోడి!" అని ఒకడు అరిచాడు. కత్తి కట్టేవాడు లేడు, కాసేవాడు లేడు. జోగ దాన్ని చంకన పెట్టుకుని తలవంచుకుని బయటికి నడిచాడు.

నేను క్షమాపణ చెప్పబోయాను. "నా కోడిని ఖరాబు చేసినవు మేడమ్" అన్నాడు. తర్వాత పిల్ల వైపు తిరిగి, "ఆ తిట్లు తినుడు గూడ అండ్ల రాసి ఉన్నదా? ఏడున్నది, చూపియ్యి" అన్నాడు. హుంగే వేలు పెట్టి చూపించింది. ఆయనకి చదువు రాదు. అయినా ఆ గీతల వంక చాలాసేపు చూశాడు. "మళ్లోసారి చదువు" అన్నాడు. ఇంటికి చేరేలోగా ఏడుసార్లు చదివించుకున్నాడు.

సోమవారం శ్యామ్‌ప్రసాద్ సర్ చెప్పినట్టే వచ్చాడు. మెడ మీద గోళ్ల గాట్లున్నాయి. కుర్చీలో కూర్చుంటూనే, "హుంగేది అయిపోయింది మేడమ్. చదివింది. పాస్" అన్నాడు.

"ఎప్పుడు చదివింది సర్?" అన్నాను.

"నిన్న."

"నిన్న ఆదివారం కదా సర్. ఎక్కడ?"

ఆయన పెన్ను మూత తీశాడు. పరీక్షించిన స్థలం అన్నచోట "సాముదాయిక్ వాతావరణ్" అని, అంటే నలుగురి మధ్య అని, రాశాడు. నాకు జాలేసింది గానీ ఊరుకోలేదు. "అలా వద్దు సర్. ఎప్పుడూ చూడని పేజీ ఇవ్వండి" అన్నాను.

ఇచ్చాడు. హిందీ పేరా, ఆరు వాక్యాలు. దరోగా వరండాలో గంప కింద ఉంది. హుంగే ఒకసారి అటు చూసి, మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్కో మాటా పట్టుకుని. ఒక మాట తప్పు చదివితే దిద్దబోయి ఆయన నోరు తెరిచాడు. నేను చూసిన చూపుకి మూసేశాడు. హుంగే వెనక్కి వెళ్లి ఆ మాట తనే సరిచేసుకుంది. ఆరు వాక్యాలూ పూర్తిచేసింది. మూడో వాక్యం దాటింది, ఎక్కడా దగ్గలేదు. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను పెదనాన్నా.

అక్కడ జోగ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. మరి మిర్చి సంగతేమిటని అడిగాను. "ఏడికి తోల్తా మేడమ్? ఆ కోడి ఇగ పందానికి రాదు. దానికున్న పనల్లా ఇనుడే. పిల్లను తోలిస్తే దానికి ఆ పని గూడ లేకపాయె" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాకు గూడ" అన్నాడు.

ఒక చిన్న సందేహం. బరి అవతల నల్ల కళ్లద్దాలు, మంకీ క్యాపు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కనిపించాడు. మిట్టమధ్యాహ్నం మంకీ క్యాపు! అచ్చం మీలాగే నిలబడ్డాడు. పలకరిద్దామని వెళ్లేసరికి బీజాపూర్ బస్సెక్కేశాడు. మీకు అన్నదమ్ములెవరైనా ఇటువైపు ఉన్నారా?

మీ కరుణశ్రీ


కిరండూల్,
ఫిబ్రవరి 11

చిరంజీవి కరుణకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ పిల్లకి నా ఆశీస్సులు చెప్పు. ఆరు వాక్యాలు దగ్గకుండా చదవడం సామాన్యం కాదు.

నువ్వు చూసినాయన ఎవరో నాకు తెలియదు. లోకంలో మనిషిని పోలిన మనుషులుంటారు. నేను ఆ శనివారం బీజాపూర్‌లో ప్రార్థన కూడికకి వెళ్లి, ఆదివారం అక్కడే ఆరాధనలో ఉన్నాను. దారిలో చలిగాలి తగిలి పది రోజులుగా దగ్గు. ఉత్తరం ఇంతటితో ముగిస్తున్నాను, పెద్దమ్మ కషాయం తాగమని పిలుస్తోంది.

మీ పెదనాన్న

అమ్మా కరుణా, నాను పెద్దమ్మని రాస్తన్నాను. పోస్టులో ఎయ్యమని ఉత్తరం నాకే ఇచ్చాడు మీ పెదనాన్న. నీ ఉత్తరాలన్నీ కీర్తనల పుస్తకంలో దాచుకున్నాడు. ఆ పుస్తకం రోజూ తీసేది నానే గానీ ఆయన కాదు గదా, ఆ మాట మరిచిపోయినట్టున్నాడు సంఘ పెద్ద. గడియారం సొరంగంలో పడిపోలేదని నాకు పెళ్లయిన ఏడాదే తెల్సు. ఆ రోజు బస్సెక్కే ముందర ఆయన కోటు జేబులో ఈల పెట్టింది నానే. కోళ్లకాడ గోలెక్కువుంటాది, గుంటపిల్ల మాట ఎవుడికీ ఇనబడదు అనిపించింది.

ఆ హుంగే పుస్తకం ఇంకోటి రాయించి పంపమ్మా. సాయంత్రాలు ఈయన ముందర కూకుని చదువుతాను. ఆ కోడి నాగే ఈయన కూడా కాళ్లు ముడుచుకుని ఇంటికాడ కూకుంటాడేమో చూద్దాం.